ఇంటి షెడ్డులో పాత కారుకి రంగు: ఏది మీరే చేయాలి, ఎక్కడ ఆగి ఆలోచించాలి

మీ ప్రశ్న ఇదీ: స్టీల్ బాడీ ఉన్న పాత సెడాన్ ఒకటి చాలా ఏళ్ళుగా కదలకుండా ఉంది. ఒక కారు పట్టే షెడ్డు ఉంది, చిన్న కంప్రెసర్ ఉంది, చేతిపని మీద ఇష్టం ఉంది. విప్పడం దగ్గర్నుంచి చివరి కోటు దాకా సొంతంగా చేసుకోవచ్చా, చేస్తే వర్క్‌షాపులో చేయించినంత బాగా వస్తుందా?

చేసుకోవచ్చు. పనిలో ఎక్కువ భాగం వర్క్‌షాపు కంటే బాగా కూడా వస్తుంది. ఎందుకంటే వర్క్‌షాపు దగ్గర లేనిది, మీ దగ్గర ఉన్నది ఒకటుంది: సమయం. వాళ్ళు ప్రైమర్ కొట్టిన బండిని నెల రోజులు ఊరికే ఉంచలేరు, వెనక ఇంకో బండి క్యూలో ఉంటుంది. ఒక డోర్ మీద మూడు రోజులు కూర్చుని సాన పట్టలేరు. మీరు పట్టగలరు. అలాగే వాళ్ళ దగ్గర ఉండి మీ దగ్గర లేనివీ ఉన్నాయి: దుమ్ము రాని బూత్, గాలి బయటికి లాగే ఏర్పాటు, ఊపిరికి విడిగా గాలి అందించే మాస్కు. కాబట్టి సమయం పెడితే ఫలితం వచ్చే పనులన్నీ మీరు చేయండి. పరికరం లేకపోతే ప్రమాదం ఉన్న పని దగ్గర ఆగి ఆలోచించండి. కింద రాసిందంతా ఈ లెక్క ప్రకారమే.

ముందు అసలు రంగు వేయాలా అని చూడండి. ఫ్యాక్టరీలో వేసిన రంగు ఇంకా మిగిలి ఉంటే అది మళ్ళీ ఎవరూ తెచ్చిపెట్టలేనిది. పాత సింగిల్ స్టేజ్ రంగులు (పైన క్లియర్, అంటే రంగులేని పారదర్శక పొర, లేకుండా ఒకే రంగుతో ముగిసేవి) పైపైన పాలిపోయి సుద్దలా కనిపిస్తాయి కానీ, చాలాసార్లు కింద రంగు బతికే ఉంటుంది. డిక్కీ మూత లోపలి అంచు లాంటి కనపడని చోట సన్నని పాలిష్‌తో చేత్తో రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటుతుంది, అది మామూలే, పై పొర మీద క్లియర్ లేదని అర్థం. కింద మెరుపు వస్తే పెద్ద పని తప్పినట్టే. పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 300 దాటితే ఎప్పుడో మళ్ళీ వేశారు. వెయ్యి దాటిందంటే అక్కడ పుట్టీ ఉంది. మీటర్ లేకపోతే మెత్తని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం చాలు, పుట్టీ మందంగా ఉన్నచోట అది పట్టదు.

పాత రంగు ఏ రకమో తెలుసుకోవడం కూడా ఈ దశలోనే. 1924లో ఓక్లాండ్ కార్ల మీద డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లక్కర్ వచ్చాక కార్ల రంగు పని స్వరూపమే మారింది. అంతకుముందు బ్రష్‌తో వార్నిష్ పొరలు వేసి వారాల తరబడి ఆరబెట్టేవాళ్ళు. మన మెకానిక్కులు ఇప్పటికీ కారు రంగు దేన్నైనా డ్యూకో అనడం అక్కడి నుంచి వచ్చిందే. లక్కర్‌కి ఒక గుణం ఉంది: ఎన్నేళ్ళయినా తిన్నర్ తగిలితే మళ్ళీ కరుగుతుంది. తెల్ల గుడ్డకి లక్కర్ తిన్నర్ అద్ది ఒక మూల రుద్దండి. రంగు మెత్తబడి గుడ్డకి వచ్చేస్తే దాని మీద కొత్తతరం రంగులు నేరుగా వేయకూడదు. పైనున్న తిన్నర్ కిందకి దిగి పాత పొరని ముడతలు పెట్టేస్తుంది. అలాంటి బండిని రేకు దాకా దింపాల్సిందే.

విప్పే పని గురించి ఒకటే గట్టిగా చెబుతాను: మొత్తం ఒకేసారి విప్పొద్దు. ఇళ్ళల్లో మొదలైన పనులు సగంలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. బండి ముక్కలై డబ్బాల్లోకి వెళ్ళిపోతుంది, ఉత్సాహం కూడా దానితోనే వెళ్ళిపోతుంది. బండి చక్రాల మీద ఉండగానే ఒక్కో భాగం తీసుకుని ప్రైమర్ దాకా తెచ్చి తర్వాతిదానికి వెళ్ళండి. విప్పేముందు డోర్లకి, బానెట్‌కి, డిక్కీకి చుట్టూ ఉన్న సందులు కొలిచి ఆ కొలత టేప్ మీద రాసి అక్కడే అంటించి ఫోటో తీయండి. ప్రతి బోల్టూ దాని పేరు రాసిన కవర్లోకి వెళ్ళాలి. హింజ్‌ల కింద పెట్టిన పలచని షిమ్‌లు ఏ వైపు ఎన్ని ఉన్నాయో రాసుకోండి, తర్వాత డోర్ సరిగ్గా కూర్చోవాలంటే అవే ఆధారం. పుచ్చిపోయిన భాగాన్ని కూడా కొత్తది తయారయ్యేదాకా పారేయొద్దు, ఆకారం చూసుకోవడానికి అది తప్ప ఇంకేమీ ఉండదు. రబ్బరు బీడింగులు కూడా ముందే చూసుకోండి. అవి దొరకని బండి అయితే పాతవి కోయకుండా ఓపిగ్గా ఊడదీయాలి.

పాత బ్రేకుల్లో, క్లచ్‌లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదొద్దు, తడి గుడ్డతో తుడవండి.

తుప్పు విషయంలో కంటికి కనిపించేది కొంతే. చెద పట్టిన తలుపు పైకి బాగానే ఉండి వేలితో నొక్కితే లోపలికి పోయినట్టు, రంగు కింద చిన్న పొక్కులా కనిపించేది లోపల అరచేయంత ఉంటుంది. తుప్పు బయట నుంచి లోపలికి రాలేదు, నీళ్ళు నిలిచిన లోపలి వైపు నుంచి బయటికి వచ్చింది. అందుకే పొక్కు కనపడిందంటే రేకు అప్పటికే పోయిందని లెక్క. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా కొడుతూ వెళ్ళండి. మంచి రేకు ఖణేల్‌మంటుంది, పుచ్చినచోట మొద్దుగా పలుకుతుంది. ఆ మొద్దు శబ్దం వచ్చినచోట ఇంకో చివరతో పొడవండి. దిగితే దిగనివ్వండి, ఎలాగూ కోయాల్సిందే. చూడాల్సిన చోట్లు దాదాపు అన్ని పాత కార్లకీ ఒకటే: డోర్ల కింద పొడవునా సాగే సిల్స్, ముందు అద్దం కింది మూలలు, బ్యాటరీ కూర్చునే పళ్ళెం, చక్రాల పైన వంపు లోపలి అంచు, మ్యాట్ల కింద నేల, డిక్కీలో స్టెప్నీ గుంట.

సిల్స్ గురించి కాస్త ఆగి చెప్పాలి. విడిగా చాసిస్ (కింద బరువు మోసే ఇనుప చట్రం) లేని బండిలో బరువులో పెద్ద భాగం మోసేవి అవే. అవి కోసేముందు డోర్ ఫ్రేముల్లో అడ్డంగా, ఐమూలగా ఇనుప పైపులు వెల్డ్ చేసి బిగించాలి, బండిని సమతలంగా స్టాండ్ల మీద కూర్చోబెట్టాలి. లేకపోతే కోసిన మరుక్షణం బాడీ కొద్దిగా కుంగుతుంది, మీకు తెలియదు. కొత్త సిల్ వెల్డ్ చేశాక డోర్ మూయబోతే అప్పుడు తెలుస్తుంది, అప్పటికి దారి లేదు. ఒకేసారి రెండు వైపులా కోయొద్దు. ఒక వైపు పూర్తిచేసి, డోర్ తగిలించి, ముందు రాసుకున్న సందుల కొలతతో పోల్చి, సరిపోయాకే రెండో వైపు. వెల్డింగ్ మీకు కొత్త అయితే ఈ ఒక్క పనికి అనుభవం ఉన్న వెల్డర్‌ని పక్కన పెట్టుకోండి. ఇది రంగు పని కాదు, బండి బలానికి సంబంధించిన పని.

మిగతా చిన్న అతుకులు మీరే నేర్చుకోవచ్చు. కారు రేకు ఒక మిల్లీమీటర్‌కి అటూ ఇటూ ఉంటుంది, దానికి, తీగ తానే ముందుకొచ్చే మిగ్ వెల్డర్‌లో 0.6 మి.మీ. తీగ బాగా కుదురుతుంది. పొడుగ్గా గీత లాగితే వేడికి రేకు అలలు తేలుతుంది. ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క దూరంగా అక్కడ, మధ్యలో చేయి పెట్టగలిగేంత చల్లారనివ్వాలి. ఇలా చుక్కలన్నీ కలిసేదాకా వెళ్ళాలి. ఇక్కడ కూడా తొందర లేకపోవడమే మీ బలం. వెల్డింగ్‌కి ముందు పెట్రోల్ ట్యాంకు బండి నుంచి తీసి షెడ్డు బయట పెట్టండి. ఖాళీ ట్యాంకే నిండిన దానికంటే ప్రమాదం, ఆవిరి అందులోనే ఉంటుంది. బ్యాటరీ కూడా తీసేయండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ పెట్టొద్దు. ఆ వేడికి, ఆ వెలుగుకి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. గాల్వనైజ్డ్ రేకు అయితే జింక్ పూత సాన పట్టి తీశాకే అంటించాలి, లేకపోతే ఆ పొగకి సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది.

పాత రంగు తీసేటప్పుడు సీసం గుర్తుపెట్టుకోండి. పాత రంగుల్లో, ముఖ్యంగా ఎరుపు, పసుపు, నారింజ ఛాయల్లో, సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గ్రైండర్ పెట్టి ఇంట్లో పిల్లలు తిరిగే చోట దుమ్ము లేపడం మంచి పని కాదు. రసాయనంతో తీయడం, లేదా తడిపి రుద్దడం, హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ వాడటం, పని బట్టలు ఇంట్లోకి తేకపోవడం, ఇవి పాటించండి. పైకప్పు వెనక భాగంతో కలిసేచోట ఫ్యాక్టరీలోనే సీసం, తగరం కలిపిన టంకంతో అతుకు నింపి ఉండొచ్చు. బూడిదరంగులో మెత్తగా మెరుస్తుంది. దాన్ని కదపకుండా వదిలేయడమే ఉత్తమం. ఇసుక బ్లాస్టింగ్ ఇంజిన్ లాంటివి మోసే మందపాటి చట్రాలకి (సబ్‌ఫ్రేములకి), చక్రాలకి బాగుంటుంది కానీ బానెట్, డోర్, పైకప్పు లాంటి చదునైన రేకుల మీద వద్దు. అవి వంగితే తిరిగి మామూలుగా రావు.

రేకు బయటపడిన రోజే ఎపాక్సీ ప్రైమర్ (రేకుకి తేమ తగలకుండా కాపాడే తొలి పూత) పడాలి. తేమ ఉన్న గాల్లో ఒక్క రాత్రిలో తుప్పు ఛాయ వచ్చేస్తుంది. అందుకే ఒక్కో భాగం చేయమన్నాను. 80 నుంచి 180 నంబరు సాండ్ పేపర్‌తో (నంబరు పెరిగేకొద్దీ సన్నం) గరుకు చేసి, గ్రీజు తీసే ద్రావణంతో రెండు గుడ్డలతో తుడవండి: ఒకటి తడిపి రుద్దడానికి, రెండోది ఆ తడి ఆరకముందే పొడిగా ఎత్తడానికి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు చోటు మారుతుందంతే. తుప్పుని మార్చే ఆమ్లం వాడితే అది పూర్తిగా కడిగి, ఆరబెట్టి, మళ్ళీ సాన పట్టాకే ఎపాక్సీ. కింద ఆమ్లం మిగిలితే ఎపాక్సీ పట్టదు, కొన్నాళ్ళకి రేకుల్లా ఊడొస్తుంది. అతుకుల సందుల్లో నీళ్ళు చొరబడకుండా మూసే సీమ్ సీలర్ ఎపాక్సీ మీద పెట్టండి, ఉత్త రేకు మీద కాదు.

పుట్టీ కూడా ఎపాక్సీ మీదే వేస్తాను. పాలియెస్టర్ పుట్టీ తేమ పీలుస్తుంది, కింద ఎపాక్సీ ఉంటే ఆ తేమ రేకు దాకా పోదు. అదే కారణంతో పుట్టీని నీళ్ళు పోసి రుద్దకూడదు, పొడిగానే. ముందు సొట్టని సుత్తి, డాలీతో (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) వీలైనంత పైకి తీయాలి. పుట్టీ మందం మూడు మిల్లీమీటర్లు దాటాల్సి వస్తోందంటే టింకరింగ్ ఇంకా మిగిలి ఉందన్నమాట. హార్డెనర్ (పుట్టీని గట్టిపరిచేది) సుమారు రెండు శాతం. త్వరగా గట్టిపడాలని ఎక్కువ కలిపితే, అందులోని పెరాక్సైడ్ తర్వాత పై రంగులోకి ఎక్కి మచ్చగా కనిపిస్తుంది. కలిపేటప్పుడు గుండ్రంగా గిలకొట్టొద్దు, గాలి చేరి సూది రంధ్రాలు పడతాయి. పలకతో అదుముతూ మడతపెడుతూ కలపండి.

ఇప్పుడు అసలు పని. చూసినవాళ్ళు ఆహా అనే రంగుకీ మామూలు రంగుకీ తేడా అంతా హై బిల్డ్ ప్రైమర్ (మందంగా పడి చిన్న పల్లాలు నింపేది) మీద బ్లాక్ పట్టడంలోనే, అంటే చదునైన దిమ్మకి సాండ్ పేపర్ అంటించి రుద్దడంలోనే ఉంది. ఒక డోర్‌నే తీసుకుందాం. ప్రైమర్ రెండు మూడు కోట్లు కొట్టి, పూర్తిగా ఆరాక, దాని మీద పలచగా నల్లని గైడ్ కోట్ పొడి పూయండి. బూడిదరంగు డోర్ మొత్తం మాసినట్టు అవుతుంది. మీ చేతికంటే పొడుగైన, గట్టి బ్లాక్‌కి 180 పేపర్ అంటించండి. ఒక మూల నుంచి ఎదురు మూలకి ఐమూలగా, తర్వాత ఇటు మూల నుంచి అటు మూలకి. ఒత్తిడి పెట్టొద్దు, బ్లాక్ బరువే చాలు. నాలుగైదు సార్లు వెళ్ళేసరికి ఎత్తైన చోట నలుపు పోయి బూడిదరంగు బయటపడుతుంది. పల్లంలో నలుపు అలాగే ఉంటుంది. హ్యాండిల్ కింద ఒక గుండ్రని మచ్చ, కింది అంచుకి వేలంత పైన ఒక పొడుగు చార. నిన్న కంటికి చదునుగా కనిపించిన డోర్ ఇవాళ తన సొట్టలన్నీ మీకు బొమ్మ గీసి చూపిస్తోంది. ఆ మచ్చని మాత్రమే వేళ్ళతో రుద్ది పోగొట్టాలనిపిస్తుంది. అలా చేస్తే మచ్చ పోతుంది, గుంట ఇంకా లోతవుతుంది. బ్లాక్ మొత్తం డోర్ మీద తిరగాలి. చుట్టుపక్కల రేకు బయటపడుతుంటే ఆపేసి, పల్లంలో పుట్టీ సన్నగా లాగి, మళ్ళీ ప్రైమర్, మళ్ళీ నలుపు. నలుపు ఒకే తీరుగా అంతా ఒకేసారి పోయిన రోజు ఆ డోర్ చదును అయినట్టు. తర్వాత 320, ఆ పైన వాటర్ పేపర్ 500 దాకా. మెటాలిక్ రంగు వేయాలంటే 600 నుంచి 800.

చేతిని కూడా నమ్మండి. పలచని నూలు గుడ్డ మధ్యలో పెట్టి, వేళ్ళు కాకుండా అరచేయి మొత్తం ఆనించి, కళ్ళు మూసుకుని పొడవునా జరపండి. కంటికి అందని అల చేతికి అందుతుంది.

ఆ తర్వాత ఆగండి. ప్రైమర్‌లోని తిన్నర్ పూర్తిగా బయటికి పోవడానికి డబ్బా మీద రాసిన గంటల కంటే చాలా ఎక్కువ పడుతుంది. అది పోయేకొద్దీ ప్రైమర్ కుంగి కింద 80 పేపర్ గీతల్లోకి దిగుతుంది. తొందరపడి రంగు కొడితే మొదటి వారం అద్దంలా ఉంటుంది, ఎండలో రెండు నెలలు తిరిగాక ఆ గీతలు, పుట్టీ అంచులు పైకి తేలతాయి. వీలైతే మూడు నాలుగు వారాలు వెచ్చని షెడ్డులో వదిలేసి, మళ్ళీ ఒకసారి గైడ్ కోట్ వేసి బ్లాక్ పట్టి, అప్పుడు రంగుకి వెళ్ళండి. అన్ని దశల్లోకీ డబ్బు ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ఎపాక్సీకి మాత్రం లెక్క వేరు. దాని మీద తర్వాతి పొర ఎన్ని రోజుల్లోపు వేయాలో కంపెనీ షీట్‌లో ఉంటుంది, ఆ గడువు దాటితే గరుకు చేయకుండా ఏదీ వేయొద్దు.

ఇక ఊపిరి సంగతి. దయచేసి ఈ భాగం వదిలేయకుండా చదవండి. 2కె (వాడేముందు హార్డెనర్ కలపాల్సిన రెండు భాగాల రకం) క్లియర్, 2కె రంగు, చాలా 2కె ప్రైమర్ల హార్డెనర్‌లో ఐసోసైనేట్‌లు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్తమా రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా అయ్యిందంటే ఆ తర్వాత అతి తక్కువ మోతాదు కూడా ఆయాసం తెప్పిస్తుంది, ఆ మనిషి ఇక ఆ పని చేయలేడు. వాసనని బట్టి జాగ్రత్తపడదాం అనుకోవడానికి లేదు. వాసన తెలిసే స్థాయి కంటే ముందే ప్రమాద స్థాయి దాటిపోతుంది. బొగ్గు కార్ట్రిడ్జ్ మాస్కు ఎప్పుడు నిండిపోయిందో మీకు తెలిసే దారి లేదు. దీనికి సరైనది బయటి మంచి గాలిని పైపు ద్వారా ముసుగులోకి పంపే మాస్కు. దాని మోటారు రంగు పొగ చేరని చోట ఉండాలి. మీ చిన్న కంప్రెసర్ గాలి గన్నుకే బొటాబొటి, దానితో ఊపిరికి కూడా గాలి పంపాలని చూడొద్దు. పైగా నూనె కంప్రెసర్ గాలి ఊపిరికి పనికొచ్చేది కాదు. చర్మం ద్వారా కూడా ఇది పడుతుంది కాబట్టి నైట్రైల్ గ్లవ్స్, ఒళ్ళంతా కప్పే సూట్ ఉండాలి. కొట్టడం అయిపోయాక రంగు ఎలా వచ్చిందో చూద్దామని ముసుగు ఎత్తడం అందరూ చేసే పని. కంటికి కనపడని తుంపర అప్పటికి ఇంకా గాల్లోనే ఉంటుంది. ఎత్తకుండానే బయటికి రండి.

అలాంటి మాస్కు పెట్టుకోలేకపోతే రెండు దారులున్నాయి, రెండూ గౌరవమైనవే. ఒకటి, చివరి బ్లాక్ దాకా మీరే చేసి, రంగు, క్లియర్ కోసం మాత్రం బూత్ ఉన్న పెయింటర్‌కి ఇవ్వడం. ఇంత చదును చేసిన బాడీ చేతికి వస్తే మంచి పెయింటర్ సంతోషిస్తాడు. ఈ దారి ఎంచుకుంటే ప్రైమర్, రంగు ఒకే కంపెనీ వరసలో ఉండేలా ముందే ఆయనతో మాట్లాడుకోండి. పనిలో వాడే 2కె ప్రైమర్‌కి కూడా పైన చెప్పిందే వర్తిస్తుంది, ఆ కోటు కూడా ఆయన చేతే కొట్టించి, ఇంటికి తెచ్చి మీరు బ్లాక్ పట్టుకోవచ్చు. రెండోది, యాక్రిలిక్ లక్కర్ లాంటి ఐసోసైనేట్ లేని సింగిల్ స్టేజ్ రంగు. పాత బండికి ఆ మెరుపే సహజం. క్లియర్ కింద ఉన్న రంగు ఎంత మెరిసినా 1950ల బండి మీద ఏదో ప్లాస్టిక్ తొడిగినట్టు ఉంటుందని నా గట్టి అభిప్రాయం. లక్కర్ నిమిషాల్లో దుమ్ము అంటని స్థితికి వస్తుంది, కాబట్టి ఇంటి షెడ్డుకి బాగా కుదురుతుంది. నలుసు పడితే రుద్ది తీసేయొచ్చు. పెట్రోల్ ఒలికితే మాత్రం తట్టుకోదు, 2కె అంత కాలం మెరుపు నిలవదు. దీనికి కార్ట్రిడ్జ్ మాస్కు పనిచేస్తుంది కానీ ఆవిరి మాత్రం మండుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. షెడ్డులో గీజర్ మంట, హీటర్, నిప్పురవ్వ వచ్చే మామూలు ఫ్యాన్, ఏవీ ఉండకూడదు.

షెడ్డు సిద్ధం చేయడం గురించి క్లుప్తంగా. గోడలకీ పైకప్పుకీ ప్లాస్టిక్ షీట్, ముందురోజే నేల కడిగి కొట్టేముందు తడిపి ఉంచడం, గాలి లోపలికి వచ్చే దారికి ఫిల్టర్. సిలికాన్ ఉన్న డాష్‌బోర్డ్ స్ప్రే, టైర్ పాలిష్ ఆ షెడ్డు దరిదాపుల్లో వాడొద్దు. వాటి తుంపర రేకు మీద పడితే రంగు అక్కడ నిలవకుండా చేప కళ్ళలా గుండ్రంగా విడిపోతుంది. మాస్కింగ్‌కి న్యూస్‌పేపర్ వద్దు, తిన్నర్ అందులోంచి దిగుతుంది.

కంప్రెసర్ చిన్నది కాబట్టి మొత్తం బండి ఒకే దమ్ములో కొట్టడం మర్చిపోండి. హెచ్‌వీఎల్‌పీ గన్‌కి (ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడితో కొట్టే స్ప్రే గన్) నిమిషానికి 300 నుంచి 400 లీటర్ల గాలి కావాలి. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ఒత్తిడి పడిపోయి రంగు తుంపరలు లావవుతాయి. డోర్లు, బానెట్, డిక్కీ మూత విడివిడిగా స్టాండ్ల మీద కొట్టుకుంటే ఈ కంప్రెసర్‌తోనూ నడుస్తుంది. మెటాలిక్ అయితే డోర్‌ని బండి మీద ఎలా నిలబడుతుందో అలాగే నిలబెట్టి కొట్టాలి. పడుకోబెట్టి కొడితే రేణువులు ఇంకోలా సర్దుకుని, బిగించాక పక్క ప్యానెల్‌తో ఛాయ కలవదు. బండికి సరిపడా రంగు ఒకేసారి ఒకే డబ్బాలో కలిపి ఉంచుకోండి. గాలిలోని నీటిని పట్టే ట్రాప్‌ని కంప్రెసర్‌కే బిగించడం చాలామంది చేసేదే కానీ, అక్కడ గాలి వేడిగా ఉంటుంది, నీరు ఇంకా ఆవిరిగానే ట్రాప్ దాటిపోతుంది. కొన్ని మీటర్ల పైపు తర్వాత, గాలి చల్లబడ్డాక పెట్టండి.

రంగుకి, క్లియర్‌కి 1.3 లేదా 1.4 మి.మీ. నాజిల్, హై బిల్డ్ ప్రైమర్‌కి 1.7 నుంచి 2.0. ట్రిగ్గర్ నొక్కి ఉంచి గన్ దగ్గర సుమారు రెండు బార్. జానెడు కంటే కాస్త తక్కువ దూరం. మణికట్టు తిప్పకుండా చేయి మొత్తం జరగాలి, ప్యానెల్ రాకముందే ట్రిగ్గర్ మొదలవ్వాలి, దాటాక వదలాలి. ప్రతి వరస ముందు వరసలో సగాన్ని కప్పాలి. చూపు గన్ మీద కాదు, తడి రంగులో కనిపించే పక్క లైటు నీడ (ప్రతిబింబం) మీద పెట్టండి. ఆ నీడ గరగరగా ఉంటే రంగు పొడిగా పడుతోంది, కొంచెం నెమ్మదించండి. నీడ నున్నగా సాగి నిలిచిందంటే అక్కడి నుంచి వెళ్ళిపోండి, ఇంకొక్క చేయి వేస్తే జారుతుంది. కోటుకీ కోటుకీ మధ్య పది పదిహేను నిమిషాలు, కంపెనీ షీట్ ఎంత చెబితే అంత. తొందరపడి ఒకదాని మీద ఒకటి వేస్తే లోపల ఇరుక్కున్న తిన్నర్ తర్వాత సన్నని బుడగలై పైకి వస్తుంది. వాన రోజుల్లో వద్దు. లక్కర్ ఆరుతూ రేకుని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద పట్టి రంగు తెల్లగా పాలిపోతుంది. తప్పనిసరి అయితే నిదానంగా ఆరే తిన్నర్ వాడండి. ముందు ఒక పాత రేకు ముక్క మీద మొత్తం వరస కొట్టి, ఆరబెట్టి, ఎండలోకి తీసుకెళ్ళి చూడండి. షెడ్డు లైటులో చూసి ఒప్పుకున్న ఛాయ ఎండలో వేరే రంగు.

జారినా, నలుసు పడినా తడి రంగుని ముట్టుకోవద్దు. పూర్తిగా గట్టిపడ్డాక 1500, 2000, 3000 వాటర్ పేపర్లతో తీసి పాలిష్ పట్టొచ్చు. అంచుల దగ్గర, రేకు మడత గీతల దగ్గర టేప్ వేసి వాటిని వదిలేయండి, అక్కడ రంగు ఎప్పుడూ పలచగా ఉండి ముందుగా కోసుకుపోతుంది. కొత్త రంగు మీద నెల రెండు నెలలు మైనం పాలిష్ వద్దు, లోపలి తిన్నర్ బయటికి పోవాలి.

బిగించే ముందు చివరి పని ఒకటుంది, ఎవరికీ కనపడదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. సిల్స్, డోర్ల లోపలి భాగం, క్రాస్ మెంబర్లు, అన్నిట్లోకీ పొడుగు నాజిల్‌తో క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పుని ఆపే మైనం) కొట్టాలి. మీరు కోసి తీసిన తుప్పు మొదలైంది అక్కడే, వ్యాక్స్ లేకపోతే మళ్ళీ మొదలయ్యేదీ అక్కడే. వెల్డింగూ రంగూ అన్నీ పూర్తయ్యాకే ఇది, ముందే కొడితే వెల్డింగ్ వేడికి అంటుకుంటుంది. వ్యాక్స్ గట్టిపడ్డాక ప్రతి డోర్ అద్దం సందులోంచి లోపలికి ఒక మగ్గు నీళ్ళు పోసి, కింద రంధ్రాల్లోంచి కారుతున్నాయో లేదో చూడండి. కారకపోతే వ్యాక్స్ వాటిని మూసేసినట్టే. సన్నని ప్లాస్టిక్ పుల్లతో తెరిచి, ఇంకోసారి పోసి చూశాకే డోర్ ప్యాడ్లు బిగించండి.